మా ఇంట్లో కూడా తిన్నాడమ్మా!



విజయనగరంలో ఏ పాత ఇంటికైనా వెళ్లి ఘంటసాల గారి మాట ఎత్తి చూడండి. కాఫీ చల్లారేలోగా ఆ ఇంటి పెద్దావిడ "మా ఇంట్లో కూడా తిన్నాడమ్మా!" అంటుంది. అయ్యకోనేరు గట్టున అంటారు, కోట వెనకాల అంటారు, గంటస్తంభం దగ్గర సందులో అంటారు. పెట్టింది ఆవిడ కాదు, ఆవిడ అత్తగారు. అత్తగారు కాకపోతే ఆ అత్తగారి అత్తగారు. ఆ పూట ఏం కూర వండిందో, పిల్లవాడు అది తిని ఏమన్నాడో కూడా చెబుతారు. చిన్నప్పటినించీ నేను విన్న ఇళ్లన్నీ లెక్క వేస్తే ఆ కుర్రవాడు పూటకి ఇరవై ఇళ్లలో భోంచేసి ఉండాలి. అంత తిండే దొరికి ఉంటే ఆయన కథ మనం ఇలా చెప్పుకునే వాళ్లం కాదు గదా!

ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఒక గాయకుణ్ణి ఒక ఊరు ప్రేమించిందంటే, ఆ ప్రేమని ఏదో ఒక జ్ఞాపకంగా మార్చుకుని ఇంట్లో దాచుకుంటుంది. ఆ జ్ఞాపకంలో ఎంత చరిత్ర ఉంది, ఎంత చరిత్ర జారిపోయింది అన్నది ఈ పూట మనం మాట్లాడుకుందాం.

ముందు అందరూ ఒప్పుకునే సంగతులు. ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. పదకొండేళ్ల ప్రాయంలో తండ్రి పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆ తండ్రి ఆఖరి కోరిక. ఆ మాట పట్టుకుని, వేలికి ఉన్న ఉంగరం అమ్ముకుని, ఎవరూ ఎరగని విజయనగరానికి రైలెక్కాడు పిల్లవాడు. ఎందుకు విజయనగరానికే వచ్చాడంటే, ఇక్కడ సంగీత కళాశాల ఉంది. 1919లో విజయరామ గజపతి రాజు గారు పెట్టించిన కళాశాల అది. చాగంటి జోగారావు గారని సంస్థానంలో ఉండేవారు. చూపులేని వారి అబ్బాయికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనలోంచి ఆ కళాశాల పుట్టిందని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. వారి తరవాత 1936లో ఆ బాధ్యత ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి మీద పడింది.

పిల్లవాడు వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. ద్వారం వారు జాలిపడి ఆవరణలో ఉండనిచ్చారు. కొన్నాళ్లకి ఆ ఆసరా పోయింది. గుడిలో తలదాచుకున్నాడు. గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు, సాలూరు చినగురువు గారంటే మన వాళ్లందరికీ తెలుసు, ఆయన చేరదీసి డబ్బు పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. గురువు గారిది పెద్ద సంసారం, చిన్న జీతం. చదువు పెట్టగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టలేరు. అందుకని కుర్రవాడు జోలె కట్టుకుని మధూకరానికి బయలుదేరాడు.

ఇప్పటి పిల్లలకి మధూకరమంటే తెలియదు. తేనెటీగ పువ్వు పువ్వునా ఒక్కొక్క బొట్టు తెచ్చుకున్నట్టు, చదువుకునే పిల్లవాడు ఇంటింటా ఒక్కొక్క ముద్ద తెచ్చుకుని కడుపు నింపుకోవడం. వారాలు చేసుకోవడం ఇంకొకటి. అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో కూర్చుని తినడం. వారంలో విస్తరి వేస్తారు. మధూకరంలో గుమ్మం బయటే. లోపలినించి గరిట వస్తే వచ్చినట్టు. లేకపోతే "పైకి వెళ్లు నాయనా" అన్న మాట వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో జోలె పట్టుకున్న బ్రాహ్మణ విద్యార్థి బ్రాహ్మణ వీధుల్లోనే తిరిగేవాడు. అందుచేత "మా ఇంట్లో తిన్నాడు" అని చెప్పుకునే అవకాశం ఊళ్లో అందరికీ లేదు. అయితే కళావర్ రింగు అన్న పేరుతో ఈ ప్రాంతమంతా మారుమోగిన గాయని, నర్తకి సరిదె లక్ష్మీనరసమ్మ గారు ఆ అబ్బాయికి మొదట్లో అన్నం పెట్టి ఆదుకున్నారని చెప్పుకుంటారు. పెద్దమనుషులు పగటిపూట ఎవరి గుమ్మం తొక్కరో, ఆ గుమ్మమే ముందు తెరుచుకుందన్న మాట. మా వీధి ఆడవాళ్లు తమ ఇంటి అన్నం సంగతి చెప్పినంత గట్టిగా ఈ సంగతి చెప్పేవారు కాదు.

ఇక 1974 ఫిబ్రవరి 11. సోమవారం. మద్రాసులో ఘంటసాల గారు పోయారని రేడియోలో చెప్పారు. యాభై రెండేళ్లయినా నిండలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్లుంటాయి. మా ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఎవరూ లేవలేదు. సాయంత్రానికి మా అరుగు మీద వీధిలో ఆడవాళ్లందరూ చేరారు. మగవాళ్లు దుకాణాల దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. మాకు అరుగే సభ. ఒకావిడ మొదలుపెట్టింది: "మా అత్తగారు రోజూ పెట్టేవారట." రెండో ఆవిడ, "మా పెరట్లో అరటాకు కోసి మరీ వడ్డించేదట మా అమ్మమ్మ." మూడో ఆవిడ వాళ్లింట్లో పండగనాడు బూరెలు పెట్టారంది. చెబుతూ కళ్లు తుడుచుకుంటున్నారు. అబద్ధం చెబుతున్నారని నేను అనను. వాళ్లు విన్నదే వాళ్లు చెప్పారు.

మా మామ్మ స్తంభానికి చేరబడి కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. ఆ జోలె వీధిలో తిరిగిన కాలంలో నిజంగా గరిట పట్టుకున్న మనిషి ఆ అరుగు మీద ఆవిడ ఒక్కతే. తక్కినవాళ్లవన్నీ విన్న మాటలు. నేనే ఊరుకోలేక "మామ్మా, మనింటికి రాలేదా?" అన్నాను.

"ఎందుకు రాడూ? మన వీధిలోకి పిల్లలు బోలెడుమంది వొచ్చేవారు. అందరివీ ఒకటే చొక్కాలు, ఒకటే మొహాలు. ఎవరికి పెట్టేనో, ఎవర్ని పొమ్మన్నానో నాకేవిటి తెలుసు?" అంది మామ్మ.

అందరూ ఒక్కసారి ఆవిడకేసి చూశారు. ఆవిడ మళ్లీ అంది: "పెట్టిన రోజులున్నాయి. పొమ్మన్న రోజులూ ఉన్నాయి. మడి ఆలస్యమయిందనీ, ఇంట్లో బియ్యం తక్కువనీ, ఒళ్లు బాగోలేదనీ. అందులో వాడున్నాడేమో. ఆ పాట విన్నప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది."

అరుగు మీద మాట ఆగిపోయింది. కాసేపటికి ఒక్కొక్కరే లేచి దీపాలు పెట్టుకునే వేళయిందని వెళ్లిపోయారు. మామ్మ అలా అనకుండా ఉండవలసిందని అమ్మ తరవాత గొణిగింది కూడా. కానీ ఆ రోజు అరుగు మీద చెప్పిన వాటన్నిటిలోకీ చరిత్రకి పనికొచ్చే మాట మామ్మదే అని నేను ఇన్నేళ్ల తరవాత అనుకుంటున్నాను. ఊరంతా పెట్టి ఉంటే ఆ పిల్లవాడు పస్తులున్నది ఎక్కడ? వద్దన్న గుమ్మాలు ఏమయ్యాయి? ఒక్క ఇంట్లో కూడా "మేం పొమ్మన్నాం" అన్న జ్ఞాపకం మిగలలేదంటే, అది మరిచిపోవడం కాదు, సర్దుకోవడం.

సరే, పాటల సంగతికి వద్దాం. చదువు పూర్తయ్యాక ఆయన ఊరు వెళ్లారు. 1942 ఉద్యమంలో పాల్గొని బళ్లారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నారు. తరవాత మద్రాసు చేరి సినిమాల్లో పాడారు. 1951లో 'పాతాళభైరవి', 1953లో 'దేవదాసు', 1957లో 'మాయాబజార్'. ఆయన గొంతు వినని తెలుగు ఊరు లేకుండా పోయింది. గురువు గారి అబ్బాయి పట్రాయని సంగీతరావు గారు మద్రాసు వెళ్లి ఎన్నో ఏళ్లు ఆయన పక్కన హార్మోనియంతో నిలిచారు. అన్నం రుణం, పాఠం రుణం అలా రెండు కుటుంబాల మధ్య సాగింది.

అభిమాని అంటే మనకి వెంటనే హాలు ముందు దండలు కట్టే కుర్రాళ్లు గుర్తొస్తారు. ఆడవాళ్ల అభిమానానికి సంఘం లేదు, బ్యానరు లేదు. అసలు పాట మన చెవిన పడడమే ఒక ప్రయాణం. రేడియో అందరింట్లో ఉండేది కాదు. ఉన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, ఇంటి యజమాని తప్ప ఎవరూ మీట తిప్పకూడదన్న ఆంక్ష పెట్టేవారు. 1952 నించి కొంతకాలం ఆకాశవాణి సినిమా పాటలని దూరం పెట్టింది. అప్పుడు మన ఆడవాళ్లకి దిక్కయినది సిలోన్ రేడియో. సముద్రం అవతలినించి గరగరమంటూ అల మీద తేలినట్టు వచ్చే పాట, ఆ మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు మాట, అవి విన్నవాళ్లు ఇప్పటికీ మరిచిపోరు. 1957లో వివిధభారతి వచ్చింది. 1963లో మన విశాఖపట్నం కేంద్రం వచ్చాక గరగర తగ్గింది.

రేడియో లేని ఊళ్లలో పంచాయతీ రేడియో. అది చావడి దగ్గర మోగేది. చావడి దగ్గర ఆడవాళ్లు నిలబడరు. అందుకని నీళ్లబిందె చంకన పెట్టుకుని, నడక నెమ్మది చేసి, పాట అయ్యేలోపల చావడి దాటేవారు. పాట ఆఖరి చరణం ఎన్నడూ వినలేదని నరసన్నపేట దగ్గర పల్లెటూరి ఆవిడ ఒకరు నాతో అన్నారు. పెళ్లి పందిరిలో మైకు సెట్టు పెడితే ఆ రెండు రోజులూ చుట్టుపక్కల ఇళ్లలో అంట్లు ఆలస్యంగా తోమేవారు. టూరింగు టాకీసు వాడు సాయంత్రం ఘంటసాల గారి వేంకటేశ్వరస్వామి పాట వేశాడంటే, టిక్కెట్లు ఇవ్వబోతున్నారని అర్థం. సినిమాకి వెళ్లేవాళ్లు పరుగెత్తేవారు. వెళ్లలేని వాళ్లు ఆ పాటే విని పొయ్యి ముట్టించుకునేవారు.

నెల్లిమర్ల జూట్ మిల్లు వీధిలో కూరలమ్మే ఆవిడ ఒకామె ఉండేది. షిఫ్టు కూత వేళకి కాఫీ హోటలు ముందు గంప దించేది. అక్కడ రికార్డులు వేసేవారు. "బేరం కోసమా, పాట కోసమా?" అని నేనడిగితే "రేడియో ఆళ్లదే గానీ పాట మందే గదమ్మా!" అంది. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లయితే, పనివేళ యజమాని గారి రేడియోలో పాట వస్తుంటే, గరగర పెరిగినా వెళ్లి మీట సరిచేయడానికి లేకపోయేదని చెప్పారు. జీడి అంటిన చేతులు గదా! రేడియో నల్లబడిపోతుందని భయం. అలా గరగరలోనే పాటంతా పట్టుకునేవారు.

వీళ్లెవరికీ "మా ఇంట్లో తిన్నాడు" అని చెప్పుకునే జ్ఞాపకం లేదు. కానీ ఆ గొంతు వాళ్ల ఇళ్లలో తిన్నదానికన్నా ఎక్కువే తిన్నది, ఉన్నది.

ఇప్పుడు మన ఊరి ఆడపిల్ల సంగతి. పులపాక సుశీల గారు 1935 నవంబరు 13న విజయనగరంలోనే పుట్టారు. తండ్రి ముకుందరావు గారు ప్లీడరు. ఘంటసాల గారు జోలె పట్టి తిరిగిన కాలానికి ఈవిడ ఉయ్యాలలో ఉందో, గౌను వేసుకుని వీధిలో ఆడుకుంటోందో అన్న మాట. ఆ సంగీత కళాశాలలోనే చదివి డిప్లొమా పుచ్చుకుని మద్రాసు వెళ్లింది. అక్కడ రేడియోలో పాడుతుంటే పెండ్యాల నాగేశ్వరరావు గారు సినిమాకి పిలిచారు. 1953లో 'కన్నతల్లి'తో మొదలు. 1955లో 'మిస్సమ్మ' వచ్చేసరికి జమున కోసం పాడిన ఆ గొంతు ఎవరిదని ఆంధ్రదేశమంతా అడిగింది. ఆ పాటలకి వరసలు కట్టినది ఎవరు? మన సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరు రాజేశ్వరరావు గారు. వరస ఈ నేలది, గొంతు ఈ నేలది. ఘంటసాల గారూ సుశీల గారూ కలిసి యుగళం పాడితే, ఒకే కళాశాల మెట్లెక్కిన రెండు గొంతులు అని మేం చేతి వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేవాళ్లం. కూరలమ్మే ఆవిడ కూడా "మా ఇజీనారం పిల్ల" అనే అనేది.

జాతీయ స్థాయిలో ఉత్తమ నేపథ్య గాయని అవార్డు పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది సుశీల గారే. 'ఉయర్ంద మనిదన్' అన్న తమిళ చిత్రానికి. 2008లో పద్మభూషణ్ ఇచ్చారు. 2016లో గిన్నిస్ వారు ఆవిడ పాడినవి లెక్కగట్టి 17,695 పాటలని రాసుకున్నారు. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే, అందరికీ తెలిసినవే. తెలియనిది ఒకటి చెబుతాను. మా ఇంట్లోది.

మా అక్కయ్య నాకంటే ఏడేళ్లు పెద్ద. దానికి పాటల నోటుబుక్కు ఒకటి ఉండేది. నాలుగు గీతల పుస్తకం, ఎర్ర అట్ట. ఆ రోజుల్లో చాలామంది ఆడపిల్లలకి ఉండేవి. హాలు దగ్గర పాటల పుస్తకాలు అణాలకి అమ్మేవారు గానీ అవి కొనడానికి మనల్ని ఎవరు పంపిస్తారు? అందుకని రేడియోలో పాట వచ్చినప్పుడు విని రాసుకోవడమే. మొదటిసారి రెండు పంక్తులు దొరుకుతాయి. మిగతా చోట చుక్కలు పెట్టుకోవాలి. ఇంకో వారం మళ్లీ ఆ పాట వస్తే చుక్కల మీద మాటలు ఎక్కుతాయి. ఒక్కొక్క పాట పూర్తవడానికి రెండు మూడు నెలలు పట్టేది. అక్కయ్య ఒక అడుగు ముందుకేసి, పాట పక్కన అంచులో ఎక్కడ విన్నదో కూడా రాసేది. "పోస్టుమాస్టరు గారింట్లో." "పెళ్లివారి మైకు." "బస్సాగినప్పుడు, చీపురుపల్లిలో." "గోడవతలినించి."

అక్కయ్య బాగా పాడేది. బాగా అంటే, పెరట్లో నూతి దగ్గర నీళ్లు తోడుతూ సుశీల గారి పాట ఎత్తుకుంటే, పక్కింటావిడ రేడియో పెట్టారేమో అనుకుని వాళ్ల రేడియో తెరిచేది. దానికి నాలుగు గీతాలు చెప్పిన మేష్టారు నాన్నగారితో "అమ్మాయిని సంగీత కళాశాలలో చేర్పించండి. ఊళ్లోనే గదా ఉంది!" అన్నారు. కళాశాల మా ఇంటికి ఎంత దూరమనుకున్నారు? వంట మధ్యలో పంచదార అయిపోతే వెళ్లి తెచ్చుకునేంత.

నాన్నగారు కాదనలేదు, అవుననలేదు. మామ్మని అడగమన్నారు. మామ్మ "సుశీల మాట వేరు" అంది.

ఈ మాట మీరూ వినే ఉంటారు. "వాళ్ల మాట వేరు." రేడియోలో ఆవిడ పాట వస్తే మామ్మ జపమాల పక్కన పెట్టి వినేది. "మన ఊరి పిల్లే, ప్లీడరు గారమ్మాయి" అని చుట్టాలకి గర్వంగా చెప్పేది. కానీ అదే పాట మన నూతి దగ్గర వినిపిస్తే అది వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న గోడ ఎంత ఎత్తో ఎవరూ కొలవలేదు.

ఆ గోడకి నేను కూడా ఒక ఇటిక పెట్టాను. నాకు ఎనిమిదేళ్లు. ఒకరోజు అక్కయ్య పాడుతుంటే సందులో ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్లు ఆపి నిలబడ్డారు. నేను పరుగెత్తుకెళ్లి మామ్మతో చెప్పాను. ఎందుకు చెప్పానంటే, గొప్పగా అనిపించి. మా అక్కయ్య పాటకి జనం ఆగుతున్నారు అని! మామ్మకి అది గొప్పగా వినబడలేదు. ఆ సాయంత్రం నించి నీళ్లు పనిమనిషి తోడింది. కళాశాల మాట మళ్లీ రాలేదు. ఏడాది తిరక్కుండా అక్కయ్యకి టెక్కలి సంబంధం కుదిరింది. మంచి సంబంధమే. బావగారు మంచివారే.

ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. అక్కయ్యే ఇచ్చింది. అందులో ఒకచోట మూడు పేజీలు ఖాళీగా ఉన్నాయి. ముందు పేజీల్లో నల్లసిరా, విజయనగరం ఇళ్ల పేర్లు. ఖాళీ పేజీల తరవాత నీలం సిరా, "టెక్కలి, మా ఆడపడుచు ట్రాన్సిస్టరు" అని ఉంది. ఆ మూడు పేజీలు అంటుకుపోయి తిప్పకుండా వదిలేసినవి కావు. పేజీ పైన తేదీలు వేసి ఉన్నాయి, పాట లేదు. ఆ తేదీల్లో రేడియోలో పాటలు రాలేదా? వచ్చే ఉంటాయి. వినాలనిపించలేదో, విన్నా రాయాలనిపించలేదో.

కిందటేడు అక్కయ్యని అడిగాను, నా మీద కోపం ఉందా అని. అది నవ్వి, "నీ మీదెందుకే? నువ్వు చెప్పకపోతే సాయంత్రానికి ఇంకొకరు చెప్పేవారు. నేనే కొంచెం నెమ్మదిగా పాడవలసింది" అంది. ఇంత జరిగినా పాడకుండా ఉండవలసిందని మాత్రం అనలేదు చూశారా!

మామ్మని నేను ఆడిపోసుకోవడం లేదు. 1974లో అరుగు మీద "ఎవర్ని పొమ్మన్నానో" అన్నది కూడా ఆ మామ్మే. ఆవిడ ఆ మాట అంటూ ఒక్కసారి అక్కయ్య నిలబడిన వైపు చూసింది. అక్కయ్య పురిటికి వచ్చి ఉంది అప్పుడు. ఆ చూపుకి అర్థం నాకు ఆనాడు తెలియలేదు.

ఘంటసాల గారు పాడిన భగవద్గీత రికార్డు ఆయన పోయిన తరవాతే బయటికి వచ్చింది. రానురాను ఏమయిందో మీకు తెలుసు. ఎవరింట్లోనించైనా ఆ గొంతుతో గీత వినిపిస్తే "అయ్యో, ఎవరు పోయారు?" అని గుమ్మంలోకి వస్తాం. మామ్మ మాత్రం ఆ క్యాసెట్టు తెప్పించుకుని పొద్దున్నే స్నానం చేసి వినేది. "పోయాక నాకేం వినబడుతుంది? అన్నమైనా పాటైనా బతికుండగానే" అనేది. ఆవిడకి ఎవరి మీద ఆ దిగులో నాకు చివరిదాకా తేలలేదు, ఆ జోలె పిల్లవాడి మీదో, ఇంటిలో పిల్ల మీదో.

సోదరీమణులారా! మన ప్రాంతంలో సంగీతం చరిత్ర రాసినవారు రాజుల దానాలు రాశారు, విద్వాంసుల సత్కారాలు రాశారు. 2019లో కళాశాలకి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్లలో అక్కడ చేరినవాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఉంటాయి. చేరకుండా ఆగిపోయిన ఆడపిల్లల పేర్లు ఏ రిజిస్టరులో ఉంటాయి? ఉంటే గింటే మన ట్రంకుపెట్టెల్లో, ఆ పాటల నోటుబుక్కుల్లో ఉంటాయి. ఎవరింట్లో, ఏ ఏడు, ఎవరి రేడియోలో ఏ పాట విన్నారో ఏ ప్రభుత్వమూ లెక్క తీయలేదు. ఆ లెక్క రాసింది పదిహేనేళ్ల ఆడపిల్లలు.

అందుకని నాదొక మనవి. ఇల్లు సర్దేటప్పుడు ఎర్ర అట్ట నోటుబుక్కు కనిపిస్తే పాతకాగితాల వాడికి తూకం వేయకండి. అందులో పాటలు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి, నిజమే. అంచుల్లో రాసుకున్న మాటలు ఇంకెక్కడా దొరకవు. అది రాసినవారు బతికి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పాట ఎక్కడ విన్నావు, ఎవరు విననిచ్చారు, ఎవరు ఆపారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, కింద ఊరి పేరు, సంవత్సరం వేయండి.

"మా ఇంట్లో కూడా తిన్నాడమ్మా" అన్న మాట కూడా చెప్పండి. అది మన ఊరి ప్రేమ. చెప్పినప్పుడు మాత్రం మామ్మ మాట కూడా కలిపి చెప్పండి. పెట్టిన రోజులున్నాయి, పొమ్మన్న రోజులూ ఉన్నాయని.

అక్కయ్య మనవరాలు ఈ ఏడు సంగీత కళాశాలలో చేరింది. టెక్కలినించి వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్నే పెరటివైపు కిటికీ తెరిచి సాధన చేస్తుంది. సందులో బళ్లు ఆగుతూనే ఉంటాయి, ఇప్పుడు నేను ఎవరికీ చెప్పడం లేదు.